ఆత్మ అను మాట: అది మన సంఘమునకు వచ్చిన త్రోవ



ఈ శతవార్షిక సంచికకు ఒక చరిత్ర వ్యాసము వ్రాయుమని సంపాదక వర్గమువారు కోరినప్పుడు మొదట మా మనస్సునకు వచ్చినవి దేవాలయములు, బడులు, ఆసుపత్రులు, వాటిని కట్టించిన దొరలు, దొరసానులు. వీటిని గూర్చి మాకంటె బాగుగా తెలిసినవారు ఇదే సంచికలో వ్రాయుచున్నారు. రాతితో కట్టినదానికి చరిత్ర వ్రాయుట కొంత సులభము. మెదకులోని పెద్ద దేవాలయము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడెనని ఎవరిని అడిగినను చెప్పుదురు. చేతికందనివాటికి శంకుస్థాపన ఫలకము ఉండదు. అయినను అవియు ఒకనాడు ఎవరో తెచ్చినవే, ఎవరో నిలిపినవే. అట్టివాటిలో ఒకటి “ఆత్మ” అను మాట. ప్రతి ఆదివారము విశ్వాస ప్రమాణములో, ప్రతి బాప్తిస్మములో, ప్రతి ఆశీర్వచనములో దీనిని పలుకుచున్నాము. ఈ మాట ఎక్కడిది, మన యొద్దకు ఎట్లు వచ్చినది, దానితో మనము చెప్పునది ఏమి అని విచారించుటయే ఈ వ్యాసము పని.

ఈ విచారణకు మమ్మును పురికొల్పినది ఒక అవ్వ అడిగిన ప్రశ్న. కొన్ని సంవత్సరముల క్రిందట ఆలేరు చుట్టుపట్ల ఒక పల్లెలో మన సంఘపు పెద్దాయన ఒకరు ప్రభువునందు నిద్రించిరి. సమాధి ఆరాధన మేమే జరిపితిమి. చివర, పదిమంది అనునట్లుగానే, ఆయన ఆత్మకు శాంతి కలుగవలెనని పలికి ముగించితిమి. మూడవ దినమున ప్రార్థనకు ఆ ఇంటికి పోగా, ఆయన భార్య దర్వాజ ప్రక్కన కూర్చుండి యుండెను. కండ్లు చూచిన రెండు రాత్రులు నిద్ర లేనట్టు తెలియుచుండెను. ఆమె మాతో ఇట్లనెను:

“అయ్యగారూ, ఆత్మకు శాంతి కావాలె అని మీరే అంటిరి గద. అంటే ఆయనకు ఇంకా శాంతి దొరకలేదా? ఆయన ఆత్మ యాడ తిరుగుతున్నది? రాత్రి గాలికి తలుపు కొట్టుకున్నా ఆయనే వచ్చిండనుకుంటున్న.”

వేదాంత కళాశాలలో హెబ్రీ, గ్రీకు భాషలు చదివి పట్టము పుచ్చుకొన్న మేము ఆ అవ్వకు ఆ దినము జవాబు చెప్పలేకపోతిమి. ప్రార్థన చేసి లేచి వచ్చితిమి. తప్పు ఆమెది కాదు. మేము ఆలోచింపక వాడిన మాటను ఆమె తనకు తెలిసిన అర్థములో విన్నది.

మన నోట ఉన్న మూడు అర్థములు

నేడు మన జనులు ఆత్మ అనునప్పుడు మూడు వేర్వేరు సంగతులు చెప్పుచున్నారు. మొదటిది “తాను” అను అర్థము. ఆత్మకథ, ఆత్మాభిమానము, ఆత్మహత్య, ఆత్మగౌరవము అను మాటలలో ఉన్నది ఇదే. తెలంగాణ ఉద్యమకాలములో ఆత్మగౌరవము అను మాట వినని పల్లె లేదు. రెండవది, దేహము పోయినను పోనిదని చెప్పబడు లోపలి వస్తువు. హరికథలలోను, తత్త్వములు పాడువారి నోటను వినబడునది ఇది. మూడవది, చచ్చినవాడు శాంతి లేక తిరుగు రూపము. దీనికి పూర్వము దయ్యము, భూతము అను మాటలుండెను. సినిమాలు, కథల పుస్తకములు వచ్చిన పిమ్మట ఆత్మ అను మాటయే ఆ పనికి వాడుకలోనికి వచ్చెను. పత్రికలలో శ్రద్ధాంజలి ప్రకటనల చివర ఆత్మశాంతిని కోరుట అలవాటైనందున ఈ భయము మరింత బలపడినది.

ఈ మూడింటిలో ఏదియు మన విశ్వాస ప్రమాణములోని పరిశుద్ధాత్మ అను మాటకు సరిపోదు. కాగా మనము వేరొక నాలుగవ అర్థమును చెప్పుచున్నాము. అది ఏది అని తెలియుటకు ఈ మాట పుట్టిన చోటికి పోవలెను.

మొదట ఊపిరియే

ఆత్మ సంస్కృత పదము. యాస్కుడు తన నిరుక్తములో దీనిని కదలుట, వ్యాపించుట అను అర్థముగల ధాతువులనుండి సాధించెను. నేటి భాషా శాస్త్రజ్ఞులలో పలువురు దీని మొదటి అర్థము ఊపిరి అని చెప్పుదురు. జర్మను భాషలో ఊపిరికి నేటికిని “ఆటెమ్” అనుటయే దీనికి ఒక సాక్ష్యము. ఇవి రెండును ఒకే వంశమునకు చెందిన మాటలని వారి అభిప్రాయము. ఋగ్వేదములో వాయువును దేవతల ఆత్మ అని చెప్పిన చోటు ఉన్నది. పదియవ మండలములోని దహన సంస్కార సూక్తములో, చనిపోయినవాని కన్ను సూర్యుని చేరవలెననియు, ఆత్మ గాలిని చేరవలెననియు కోరిక ఉన్నది. అక్కడ ఆత్మ అనగా ఊపిరియే. తరువాత ఉపనిషత్తుల కాలమున ఈ మాట లోపలికి తిరిగెను. ఊపిరి తీయువాడెవడు, “నేను” అనువాడెవడు అను ప్రశ్న పుట్టి, ఆత్మ యనగా మార్పు లేనిది, పుట్టుక చావులు లేనిది అను అర్థము స్థిరపడెను.

ఈ మాటకు మన ఆలేరు ప్రాంతము క్రొత్తది కాదు. మన ఊరికి కొద్ది మైళ్లలోనున్న కొలనుపాక జైనులకు ప్రసిద్ధ తీర్థము. ఏ జీవికి ఆ జీవిగా ఆత్మ వేరు, దానిని ఎవరును సృజింపలేదు అని జైనుల బోధ. అదే కొలనుపాక వీరశైవులకును పుణ్యస్థలము. రేణుకాచార్యులు అక్కడి సోమేశ్వర లింగమునుండి వెలువడెనని వారి నమ్మిక. మరియొక ప్రక్క యాదగిరిగుట్ట. జీవాత్మ పరమాత్మకు దాసుడని శ్రీవైష్ణవుల మతము. జీవాత్మ పరమాత్మ రెండు కావని శంకరుల మతము. మన పొరుగున నేటి జనగామ జిల్లాలోనున్న పాలకుర్తి సోమనాథుని ఊరు, బమ్మెర పోతన ఊరు. కనుక మిషనరీలు ఈ నేలకు రాకమునుపే ఆత్మను గూర్చి ఈ నేలమీద నాలుగైదు విధములైన వాదము జరిగియున్నది.

అయితే పల్లెలో కూలి చేసికొను మన పితరులు ఆ వాదములు వినుటకు ఎవరును వారిని పిలువలేదు. వారి నోట ఉన్న మాటలు వేరు. ఊపిరి, ఉసురు, పానము. ఉసురు అనునది అచ్చ తెలుగు. తమిళుల “ఉయిర్”, కన్నడిగుల “ఉసిరు” దీని తోబుట్టువులు. బీదవాని ఉసురు తగులునని నేటికిని పెద్దలు భయపెట్టుదురు. ప్రాణమును మనవారు పానమందురు. ఒంట్లో బాగులేనియెడల పానం బాగలేదందురు. ప్రాణము అను మాటలోని ధాతువునకును ఊపిరి పీల్చుట అనియే అర్థము. ఇక కంటికి కనబడక మనుష్యుని పట్టి పీడించుదానిని “గాలి” అందురు. గాలి సోకినదని పిల్లకు తాయెత్తు కట్టించుట మనము చిన్నప్పుడు చూచినదే.

యెరూషలేములోను అదే ఊపిరి

ఇప్పుడు ఇంకొక దేశమునకు పోవుదము. పాత నిబంధనలోని హెబ్రీ మాట “రూఆఖ్”. అది దాదాపు 380 చోట్ల కనబడును. దాని అర్థములు మూడు: గాలి, ఊపిరి, ఆత్మ. ఎఱ్ఱ సముద్రమును పాయలుచేసిన తూర్పు గాలి రూఆఖే. యెహెజ్కేలు చూచిన లోయలో ఎండిన ఎముకలకు వచ్చిన ఊపిరి రూఆఖే. ప్రవక్తలమీదికి వచ్చిన దేవుని ఆత్మయు రూఆఖే. ఒకే మాటలో ఈ మూడును కలిసియుండుటచేత, హెబ్రీయుడు గాలి వీచినప్పుడు దేవుని జ్ఞాపకము చేసికొనగలిగెను.

క్రీస్తుకు పూర్వము మూడవ శతాబ్దమున అలెగ్జాండ్రియాలోని యూదులు తమ లేఖనములను గ్రీకులోనికి మార్చ నారంభించినప్పుడు రూఆఖ్‌కు ఎక్కువగా “న్యూమా” అను మాటను ఎన్నుకొనిరి. దానికిని గాలి, ఊపిరి అను అర్థములున్నవి. క్రొత్త నిబంధనలో ఈ మాటయు ఇంచుమించు అన్ని మారులే, దాదాపు 380 చోట్ల వచ్చును. లతీనులో “స్పిరితుస్” అనగా ఊపిరియే. ఇంగ్లీషువారు తమ పాత మాటయైన “గోస్ట్” వాడిరి. 1611 నాటి జేమ్స్ రాజు బైబిలులో పరిశుద్ధాత్మకు “హోలీ గోస్ట్” అనియే ఎక్కువగా ఉండును. కాలక్రమమున గోస్ట్ అనగా దయ్యమని అర్థము మారిపోగా, ఇరువదవ శతాబ్దపు తర్జుమాలలో దానిని తీసివేసి “హోలీ స్పిరిట్” అని వేసిరి. మన అవ్వకు కలిగిన చిక్కు ఇంగ్లీషు సంఘమునకును కలిగెనని దీనివలన తెలియుచున్నది. మాట అక్షరములు మారకయే లోపలి అర్థము మారిపోవును. కాపలా లేని చేను వంటిది అది.

మన తెలంగాణమువారికి ఇంకొక సాక్ష్యము ఇంటిలోనే ఉన్నది. 1948 వరకు మనము నిజాము ఏలుబడిలో ఉంటిమి. కచేరీలో, ఠాణాలో ఉర్దూ నడిచెను. ఉర్దూలో ఆత్మకు “రూహ్” అందురు. అది అరబ్బీ మాట. హెబ్రీ రూఆఖ్‌కు స్వయాన చెల్లెలు. అరబ్బీలో గాలికి “రీహ్” అనుటయు అదే ధాతువునుండి వచ్చినది. ఎండకాలములో త్రాగు రూహ్ అఫ్జా షర్బత్ పేరులోనున్నది ఇదే రూహ్. ఈ విధముగా ప్రవక్తల నోటి మాట మన బజారులో సీసామీద కనబడుచున్నను మనము గమనింపలేదు.

తర్జుమా చేసినవారి కష్టము

ఈ రూఆఖ్‌ను, న్యూమాను తెలుగులో ఏమనవలెను? మొదట ఈ ప్రశ్న ఎదుర్కొన్నవారిలో ముఖ్యుడు జర్మనీ దేశస్థుడైన బెంజమిను షుల్జు. ఆయన పదునెనిమిదవ శతాబ్దపు తొలి భాగమున మద్రాసులో ఉండి బైబిలును తెలుగులోనికి మార్చెను గాని ఆ బైబిలు అచ్చు కాలేదు. తరువాత 1805లో లండను మిషనువారైన జార్జి క్రాను, అగస్టస్ డెగ్రాంజి విశాఖపట్టణము చేరిరి. వారికి సహాయుడు ఆనందరాయరు అను బ్రాహ్మణ క్రైస్తవుడు. క్రాను 1809లోను, డెగ్రాంజి 1810లోను మరణించిరి. వారి పని ఫలముగా మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపురములో అచ్చయ్యెను. పిమ్మట ఎందరో పండితులు, మిషనరీలు దానిని దిద్దుచు వచ్చిరి. మదనపల్లె వైద్య మిషనరీ జేకబు చేంబర్లెను పందొమ్మిదవ శతాబ్దపు చివరి దశాబ్దములలో తెలుగు బైబిలు సవరణ సంఘమునకు అధ్యక్షుడుగా ఉండెను.

వీరి యెదుట మూడు త్రోవలుండెను. మొదటిది, పరదేశపు మాటను అట్లే ఉంచుట. తమిళ దేశమున పూర్వపు కతోలికులు పోర్చుగీసువారి వెంట “ఇస్పిరిత్తు సాంతు” అని ప్రార్థించిరి. అట్లు చేసిన తప్పర్థము రాదు గాని అర్థమే రాదు. రెండవది, గాలి అను అచ్చ తెలుగు మాట. రూఆఖ్‌కు ఇది దగ్గరదే. కాని గాలి సోకుట యనగా కీడని నమ్మువారికి పరిశుద్ధమైన గాలి అని చెప్పిన వారేమి గ్రహింతురు? మూడవది, పండితులకు తెలిసిన ఆత్మ అను మాట. దానిలో ఉపనిషత్తుల అర్థము గట్టిగా నాటుకొనియున్నను, దాని వేరులో ఊపిరి ఉన్నది. వారు మూడవ త్రోవ పట్టిరి. కతోలికులు నేడు పవిత్రాత్మ అందురు, మనము పరిశుద్ధాత్మ అందుము. విశేషణము వేరైనను ఆత్మ ఒక్కటే.

వారెంత జాగ్రత్తగా ఎన్నిరో చూపుటకు ఒక సాక్ష్యము. లూకా సువార్త 24వ అధ్యాయములో పునరుత్థానుడైన ప్రభువును చూచి శిష్యులు జడిసిన సంగతి ఉన్నది. అక్కడ గ్రీకులో ఉన్న మాట న్యూమాయే. మన తెలుగు బైబిలులో అక్కడ ఆత్మ అని లేదు, “భూతము” అని ఉన్నది. అనగా తిరుగాడు రూపమునకు ఆత్మ అను మాట వాడరాదని వారు తలంచిరన్నమాట. ఆ గిరి వారు గీసిరి. దానిని చెరిపినది మన కాలము.

నష్టమును లేకపోలేదు. యోహాను సువార్త మూడవ అధ్యాయములో ప్రభువు నీకొదేముతో మాటలాడునప్పుడు గాలికిని ఆత్మకును న్యూమా అను ఒకే మాట వాడబడినది. తెలుగులో ఒకచోట గాలి, మరియొకచోట ఆత్మ అని రెండుగా చీల్చక తప్పలేదు. ప్రభువు చూపిన పోలికలోని బిగువు చదువరికి తెలియకపోయెను. అట్లే ఆదికాండము రెండవ అధ్యాయములో నరుడు జీవాత్మ ఆయెనన్నప్పుడు, ఆ మాట విని వేదాంతములోని జీవాత్మ అనుకొనువారు కలరు. హెబ్రీలో ఉన్నది అది కాదు. మన్ను, దానిలోనికి దేవుడు ఊదిన ఊపిరి, రెండును కలిసి బ్రదికిన ప్రాణి యయ్యెనని అక్కడి భావము. ఉపనిషత్తుల ఆత్మ పుట్టలేదు, ఒకరిచ్చినది కాదు. బైబిలు చెప్పు ఊపిరి ఇయ్యబడినది, ఇచ్చినవాడు దేవుడు, అది తిరిగి చేరునదియు ఆయననే. ఆ నాలుగవ అర్థము ఇదియే. మన పొరుగువారి అర్థమును తక్కువచేయుటకు ఇది వ్రాయుట లేదు. వారి మాటను మనము ఎరువు తెచ్చుకొంటిమి. ఎరువు తెచ్చినదానిని దేనికి వాడుచున్నామో మనకు తెలిసియుండవలెను.

ఆ మాట మన పితరులకు ఏమిచ్చినది

పందొమ్మిదవ శతాబ్దపు చివరి పాదమున వెస్లియను మెథడిస్టు మిషనువారు నిజాము రాజ్యములో పని మొదలుపెట్టిరి. సువార్తను అంగీకరించినవారిలో పెక్కుమంది ఊరి బయటి వాడలలోనివారు. గుడిలోనికి రానీయబడనివారు, ఊరి బావిలో చేద వేయనీయబడనివారు. వెట్టిచాకిరి వారి వంతు. వారికి హెబ్రీ తెలియదు, సంస్కృతము తెలియదు. చదువే రానివారికి ఉపదేశకులును, బైబిలు స్త్రీలును రాత్రిపూట దీపము బుడ్డి ముందర కూర్చుండబెట్టి పాటలుగా, ప్రశ్నోత్తరములుగా నేర్పిరి. అంతవరకు పండితుల మాటగానున్న ఆత్మ అట్లు వాడలోనికి వచ్చెను.

ఎవని గాలి తగిలినను మైలయని తొలగిపోవు కాలములో, దేవుని ఊపిరి నీలో ఉన్నదని ఒకడు వచ్చి చెప్పుట చిన్న సంగతి కాదు. దొరలోని ఊపిరియు జీతగానిలోని ఊపిరియు ఒకే నోటినుండి వచ్చినవని వినుట చిన్న సంగతి కాదు. నేడు మనము ఆత్మగౌరవము అను మాటను సభలలో విని చప్పట్లు కొట్టుచున్నాము. మన పితరులు ఆ మాట తెలియకమునుపే దాని సారమును ఆ దీపము బుడ్డి దగ్గర నేర్చుకొనిరి. మన నూరేండ్ల లెక్కలో గోడలకంటె, గంటలకంటె ముందు వ్రాయవలసిన ఆస్తి ఇది.

తిరిగి అవ్వ దగ్గరకు

ఇది యంతయు కూడబెట్టుకొని మేము తిరిగి ఆ అవ్వ ఇంటికి పోయితిమి. రూఆఖ్, న్యూమా అని ఆమెకు చెప్పలేదు. “అవ్వా, ఆనాడు నేను పలికిన మాట సరిగా పలుకలేదు, నన్ను క్షమించు,” అని మొదలుపెట్టితిమి. పెద్దాయన పానము ఎవరిచ్చినది అని అడిగితిమి. “దేవుడిచ్చిండు,” అనెను. “ఇచ్చినవాడే తన దగ్గరికి తీసికొన్నాడు. బిడ్డ తండ్రి ఇంటికి చేరినాక వాకిట్లో తిరుగునా?” అంటిమి. ఆమె చాలసేపు పలుకలేదు. పిదప, “అయితే అది ఉత్త గాలేనా అయ్యగారూ?” అనెను. అవునంటిమి. కొన్ని దినములకు ఆమె ఆరాధనకు వచ్చి, రాత్రిళ్లు పండుకొనుచున్నానని చెప్పెను.

ఆనాటినుండి సమాధి యొద్ద ఆత్మశాంతి అను మాట మేము వాడుట లేదు. ఆ శాంతి మనము కోరి తెప్పించునది కాదు. ప్రభువునందు నిద్రించినవానికి అది ఇయ్యబడియే యున్నది. సంఘ పెద్దలకును, ఆదివారపు బడి బోధకులకును మా మనవి ఇది. పిల్లలకు పరిశుద్ధాత్మను గూర్చి చెప్పునప్పుడు సినిమాలోని ఆత్మతో మొదలుపెట్టకుడి. ముక్కు దగ్గర చేయి పెట్టి చూడుమనుడి. వచ్చిపోవు ఊపిరి వాని చేతికి తగులును, అక్కడనుండి చెప్పుడి.

పెద్దలకైతే కళ్లము చాలును. జొన్నలు నూర్చి తూర్పార పట్టువాడు చాట ఎత్తుకొని నిలువబడి గాలి కొరకు కనిపెట్టును. గాలిని పిలిచి తేలేడు, చేతితో పట్టలేడు. అది వచ్చినప్పుడు పొట్టు ఒక ప్రక్కకు ఎగిరిపోవును, గింజ కాళ్ల దగ్గర రాలును. దానినిబట్టి గాలి వచ్చెనని వాడెరుగును. నూరేండ్ల క్రిందట మన ఆలేరు పల్లెలలో అట్టి గాలి వీచెను. రాలిన గింజలము మనము.